కల్నల్ సంతోష్‌బాబు – బాలబాలికలకు మనము చెప్పని సంగతులు

పాఠశాలలలో వీరసైనికులను గూర్చి సభలు జరుగునప్పుడు వక్తలు వారి మరణముతో నారంభించి మరణముతోనే ముగించుట పరిపాటి యైనది. మంచు, నెత్తురు, జెండా, జయఘోషము – ఈ నాలుగును వచ్చినంతనే చప్పట్లు మ్రోగును, సభ ముగియును. మఱునాడు తరగతిలో, ఆ సైనికుడు ఏమి చదివెను, ఎన్నియేండ్లు కొలువు చేసెను, ఆ రాత్రి ఆ కొండలలోనికి ఏ పనిమీద పోయెను అని యడిగి చూడుడు. చెప్పగలవారు తరగతికి ఒకరిద్దరైన నుండరు. ఇది బాలుర తప్పు గాదు. వేదికమీద వారికి ఆ సంగతు లెవరును చెప్పలేదు. దూరదేశపు వీరుల మాట యెట్లున్నను, మన గడపకు గంట ప్రయాణము దూరమున పుట్టిన యొక యధికారి విషయమున నైనను ఈ పద్ధతి మాఱవలెనని మా యభిప్రాయము.

కల్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు 1983 ఫిబ్రవరి 13వ తేదీన సూర్యాపేటలో జన్మించెను. ఆ పట్టణము 2016లో వేఱు జిల్లాకు ముఖ్యస్థాన మైనది గాని అంతవఱకు మన నల్లగొండ జిల్లాలోనిదే. 2020 జూను 15వ తేదీ రాత్రి లడఖులోని గల్వాన్ లోయలో చైనా సైనికులతో జరిగిన ఘర్షణలో ఆయన మరణించెను. అప్పటికి వయస్సు 37 ఏండ్లు. 17వ తేదీన పార్థివదేహము విమానముమీద హకీంపేట వైమానిక స్థావరమునకు వచ్చెను. అచ్చటినుండి సూర్యాపేటకు చేర్చినది మన నార్కట్‌పల్లి మీదుగా పోవు ఈ విజయవాడ రహదారియే. మఱునాడు సూర్యాపేట చెంతనున్న కేసారములో సైనిక మర్యాదలతో అంత్యక్రియలు జరిగెను. ఇంతవఱకు చాలమందికి తెలియును. వార్తాపత్రికలును, దూరదర్శన ప్రసారములును వారము దినములు ఈ సంగతియే చెప్పినవి.

ఆ ముప్పదియేడేండ్లలో మొదటి ముప్పదియాఱేండ్ల మాట యేమి?

తండ్రి బ్యాంకు ఉద్యోగి. తనకు సైన్యములో చేరవలెనను కోరిక యుండినను అది తీఱలేదనియు, దానిని కుమారునియందు చూచుకొనదలచితిననియు ఆయనయే పత్రికలవారితో చెప్పెను. 1993లో, పదేండ్ల ప్రాయమున, బాలుడు కోరుకొండ సైనిక పాఠశాలలో ఆఱవ తరగతిలో చేరెను. కోరుకొండ విజయనగరము జిల్లాలోనిది. విజయనగర సంస్థానాధీశుల భవనములో 1962లో ఆ పాఠశాల వెలసెను. దేశమునందు సైనిక పాఠశాలలు ఆ కాలముననే, సామాన్య కుటుంబముల బిడ్డలు సైన్యములో అధికారులగుటకు దారి చేయవలెనను తలంపుతో ఆరంభింపబడసాగెను. అంతకు ముందు ఆ దారి ధనికులకును, పెద్ద నగరముల ఇంగ్లీషు బడులలో చదివినవారికిని సులభముగను, ఇతరులకు దుర్లభముగను ఉండెను. పోటీపరీక్షలో నెగ్గిన బాలునికే ప్రవేశము.

పదేండ్ల బిడ్డను పెట్టెతో, పరుపుచుట్టతో అంతదూరమున విడిచి వచ్చుట యన నేమో వసతిగృహముగల పాఠశాలలవారికి వేఱుగ చెప్ప నక్కఱలేదు. మొదటి వారము, దీపములార్పిన పిమ్మట, ఏ మంచమునుండి యేడుపు వినవచ్చుచున్నదో చూచుటకు వార్డెను తిరుగుచుండును. ఆదివారము తల్లిదండ్రులు వచ్చి పోయినచో ఆ యేడుపు మరల మొదటికి వచ్చును. వీరుల చరిత్రలలో ఈ రాత్రులకు చోటుండదు. కాని తెల్లవారుజామున లేచుట, తన పక్క తాను సర్దుకొనుట, తన జోళ్లు తాను తుడుచుకొనుట, తప్పు చేసినప్పుడు అమ్మ కొంగుచాటు దొరకని తావున నిలిచి జవాబు చెప్పుకొనుట – ఒక బాలుడు సైనికుడగుటకు మొదలు ఈ దినములలోనే పడునని మా నమ్మకము.

కోరుకొండ పిమ్మట పూనా చేరువ ఖడక్‌వాస్లాలోని నేషనల్ డిఫెన్సు అకాడెమీ, ఆపై డెహ్రాడూనులోని ఇండియన్ మిలిటరీ అకాడెమీ. 2004 డిసెంబరులో 16వ బీహారు పటాలమున అధికారిగా నియమింపబడెను. లెక్క కట్టి చూడుడు: 1993 మొదలు 2004 వఱకు 11 ఏండ్లు శిష్యుడు. 2004 మొదలు 2020 వఱకు పదునైదున్నర యేండ్లు కొలువు. మనము సభలలో చెప్పునది ఒక్క రాత్రి మాత్రమే.

ఆ పదునైదున్నర యేండ్లలో ఆయన కాశ్మీరములో పనిచేసెను. ఐక్యరాజ్యసమితి శాంతిసేనతో ఆఫ్రికాలోని కాంగో దేశమునకు పోయెను. ఈ రెండవ సంగతి మన పిల్లలలో ఎందఱెఱుగుదురు? పరదేశపు పల్లెలలో ఒకరినొకరు చంపుకొనకుండ నడుమ నిలుచుటయు సైనికుని పనియే యని తెలిసినచో, ఆ వృత్తిని గూర్చి వారి తలంపు కొంత వేఱుగ నుండును. 2019 డిసెంబరులో ఆయన తన పటాలమునకే నాయకుడయ్యెను. బీహారు పటాలమున బీహారు, జార్ఖండు, ఒడిశా ప్రాంతములవారు మెండు. వారిలో ఆదివాసులు పెక్కురు. సూర్యాపేటలో తెలుగు మాటలాడుచు పెరిగినవాడు ఆ మనుష్యుల సుఖదుఃఖములు వారి మాటలలో విని, వారి సెలవుల సంగతులు, ఇంటి సంగతులు చక్కబెట్టి, వారిచేత ‘మా దొర’ యనిపించుకొనవలసినవాడయ్యెను. పటాలనాయకుని పనిలో హెచ్చుభాగ మిదియే.

ఇక ఆ రాత్రి సంగతి. దీనిని గూర్చి మేము కొంత విస్తరించి చెప్పదలచితిమి. ఏలయన పిల్లలకు మిక్కిలి తప్పుగా చెప్పబడుచున్నది ఇదియే.

భారత చైనాల నడుమ సరిహద్దు భూమిమీద రాళ్లు పాతి గుర్తించినది గాదు. ఉన్నది ‘వాస్తవాధీన రేఖ’ యను నొక రేఖ. అది యెచ్చట నున్నదన్న విషయమున ఇరుపక్షములకు ఏకాభిప్రాయము లేదు. 2020 మే నెలనుండి తూర్పు లడఖులో పలుతావుల ఇరుసేనలు ఎదురెదురుగ నిలిచెను. జూను 6వ తేదీన ఇరుపక్షముల సేనానాయకులు కూర్చుండి మాటలాడి, వెనుకకు తగ్గుట కొడంబడిరి. గల్వాన్ లోయలో 14వ గస్తీ స్థానమను తావున చైనావారు నిలిపిన కాపలా శిబిరమును ఆ మాట చొప్పున తీసివేసిరో లేదో చూచుటకు జూను 15వ తేదీన సంతోష్‌బాబు తన మనుష్యులతో పోయెను. అనగా ఆయన దండెత్తి పోయినవాడు గాడు. ఇచ్చిన మాట నిలిచినదా లేదా యని చూడబోయినవాడు. మాటలు పెరిగినవి, చీకటి పడినది, ఘర్షణ మొదలయ్యెను. తుపాకులు ప్రేలలేదు. 1996లో ఇరుదేశములు చేసికొనిన ఒడంబడికలో ఆ రేఖకు రెండు కిలోమీటర్ల లోపల తుపాకి కాల్చరాదని యున్నది. కనుక రాళ్లతో, ఇనుపకడ్డీలతో, మేకులు దిగగొట్టిన కఱ్ఱలతో పోరు జరిగెను. సుమారు 14,000 అడుగుల యెత్తు. క్రింద మంచుకరిగిన నీటితో పాఱు నది. మనవారు 20 మంది మరణించిరి. తమవారు నలుగురు చనిపోయిరని చైనా ప్రభుత్వము 2021 ఫిబ్రవరిలో ఒప్పుకొనెను. 1975 తరువాత ఆ సరిహద్దున పోరులో ప్రాణములు పోవుట అదియే మొదలు.

సైనికులను ఆయుధములు లేకుండ ఏల పంపిరని అప్పుడు కొందఱు గట్టిగా నడిగిరి. ఆయుధములు వారియొద్ద నుండెననియు, 1996, 2005 సంవత్సరముల ఒడంబడికల ననుసరించి ఇట్టి సమయముల వానిని వాడుట లేదనియు విదేశాంగమంత్రి జవాబు చెప్పెను. ఆ జవాబు కొందఱికి తృప్తి నిచ్చెను, కొందఱికి నియ్యలేదు. పై తరగతుల విద్యార్థులు ఈ వాదమును రెండువైపుల చదివి, తరగతిలో నిలిచి చర్చించుట మంచిది. ‘మనవారిని మోసముచేసి చంపిరి’ యను నొక్క వాక్యముతో సరిపెట్టినచో, అధికారియై యుండి చేతి కందిన ఆయుధమును బిగబట్టుకొనుట యెంత కష్టమో వారికెన్నడును తెలియదు.

ఆ లోయ పేరు ఎట్లు వచ్చినదో యనునది చిన్న సంగతియే గాని చెప్పకుండ లేకున్నాము. గులాం రసూల్ గల్వాన్ అనువాడు లేహ్ పట్టణపు పేదబాలుడు. చిన్ననాటనే పరదేశపు యాత్రికుల గుఱ్ఱములను తోలుటకు, మూటలు మోయుటకు కుదిరెను. దారి తెలియక చిక్కుకొనిన యొక యాత్రికుల గుంపునకు అతడు త్రోవ కనుగొన్నందున ఆ నదికి అతని పేరు పెట్టిరని చెప్పుదురు. దొరల పేరులతో నిండిన పటములలో ఒక కూలివాని పేరు నిలుచుట అరుదు. భూగోళము చెప్పు ఉపాధ్యాయులు దీనిని విడువరాదు.

ఇది యుద్ధమా కాదా యని విద్యార్థులు కొందఱడుగుచుందురు. యుద్ధము ప్రకటింపబడలేదు, నిజమే. కాని యుద్ధకాల శౌర్యమున కిచ్చు బిరుదులలో పరమవీర చక్రము తరువాతిదగు మహావీర చక్రము 2021 గణతంత్ర దినమునాడు సంతోష్‌బాబునకు ప్రకటింపబడెను. ఆ నవంబరు 23వ తేదీన రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ గారి చేతినుండి ఆయన తల్లియు, భార్యయు దానిని అందుకొనిరి. వీరచక్రములు ఐదుగురికి వచ్చెను. వారిలో నలుగురు ఆ రాత్రి మరణించినవారే. ఆ నలుగురిలో నాయక్ దీపక్‌సింగ్ అనువాడు రోగులకు పరిచర్య చేయు సహాయకుడు. మధ్యప్రదేశములోని రీవా జిల్లావాడు. గాయపడిన 30 మందికి పైగా సైనికులకు కట్లు కట్టి, తానును గాయపడి, ప్రాణము విడిచెను. మన సభలలో ఈతని పేరు ఎన్నడైన వినబడెనా? కత్తి పట్టినవాని కథకు చెవియొగ్గునట్లు కట్టు కట్టినవాని కథకు ఒగ్గరని వక్తలు తలంతురు కాబోలు. పిల్లలు ఒగ్గుదురు, చెప్పి చూడుడు.

సంతోష్‌బాబు తల్లి ఆ దుర్దినమున పత్రికలవారితో పలికినది దేశమంతయు వినెను. దేశముకొఱకు ప్రాణమిచ్చిన కుమారుని చూచి గర్వించుచున్నాననియు, ఆతడు తన యొక్కగానొక్క కొడుకు గాన తల్లిగా దుఃఖించుచున్నాననియు ఆమె చెప్పెను. రెండును ఒక్క ఊపిరిలో చెప్పెను. మఱునాటినుండి వేదికలమీద మ్రోగినది మొదటి సగము మాత్రమే. ‘వీరమాత కన్నీరు పెట్టలేదు’ అని యుపన్యాసకులు చెప్పుచుండగా ఎందఱో విందురు. ఆమె అట్లు చెప్పలేదు. చెప్పని మాటను ఆమె నోట పెట్టుట గౌరవము కాదు. ఆమె చెప్పిన రెండవ సగమును తీసివేయుట యంతకన్న తప్పు. తల్లి దుఃఖము వినని బాలుడు, పోయినదాని వెల యెంతయో యెఱుగడు. వెల తెలియనివాడు చేయు జయఘోషము వట్టి కేక.

ప్రభుత్వము చేయవలసినది చేసెను. రాష్ట్ర ప్రభుత్వము ఆ కుటుంబమునకు 5 కోట్ల రూపాయలు, ఇంటిస్థలము, భార్యకు ఉన్నతోద్యోగము ఇచ్చెను. 2021 జూను 15వ తేదీన సూర్యాపేట కూడలిలో విగ్రహము నెలకొల్పబడెను. మంచిదే. విజయవాడ బస్సులో పోవు మన విద్యార్థులు సూర్యాపేటలో దిగినప్పుడు ఆ విగ్రహమును చూతురు. అది సైనికదుస్తులలోని పెద్దవానిని చూపును గాని పదేండ్ల బాలుని చూపజాలదు. ఆ పని పాఠశాలది.

మఱియొక విషయము తల్లిదండ్రులకు సంబంధించినది. ‘మావాడు సైన్యములో చేరెద ననుచున్నాడు, వానికి మీరేమి చెప్పెదరు?’ అని కొందఱు తండ్రులు మమ్ము అడుగుదురు. వారి కంఠములో గర్వముండును, భయముండును. తల్లులు ప్రక్కన నిలిచి మాటలాడరు. చేరుమని గాని చేరవలదని గాని చెప్పుట మా పని గాదని మేము తలంచుచున్నాము. ఉన్నది ఉన్నట్లు చెప్పుట మా పని. సైనిక పాఠశాల ప్రవేశపరీక్షకు గణితము బాగుగ రావలెనని చెప్పుదుము. పదునొకండేండ్ల చదువు ముందున్నదని చెప్పుదుము. బదిలీలు చేతిలో ఉండవని చెప్పుదుము. సంతోష్‌బాబునకు హైదరాబాదునకు బదిలీ కావలసియుండగా కరోనా కాలపు నిర్బంధములచే అది ఆలస్యమైనదని ఆయన తల్లిదండ్రులే చెప్పిరి. ఇవియన్నియు విన్న పిమ్మటను బాలుడు అదే మాటమీద నిలిచినచో, ఆ కోరిక వానిదే. చనిపోయినవాని పటము చూపి, చప్పట్ల నడుమ, పదునాలుగేండ్ల బాలునిచేత ‘నేనును పోయెదను’ అనిపించుట మాత్రము ఉపాధ్యాయులు చేయరాని పని. ఆ ‘నేనును’ ఇంటికి చేరకముందే మఱచిపోవువారికి అది హాని చేయదు. మఱచిపోనివానికి అది అరకొర తెలివితో చేసిన ప్రతిజ్ఞ యగును.

ద్వేషమును గూర్చియు ఒక మాట చెప్పవలెను. 2020 జూనులో పలుపట్టణములలో జనులు చైనా టెలివిజన్లను వీధిలో పగులగొట్టిరి. జూను 29వ తేదీన ప్రభుత్వము 59 చైనా మొబైలు అప్లికేషన్లను నిషేధించెను; అది రాజ్యకార్యము, దానికి రాజ్యకారణములుండును. కాని చిన్నకన్నుల వారినందఱిని శత్రువులని వెక్కిరించుట బడిపిల్లల ఆటలోనికి వచ్చెను. ఆ ఆటలో మొదట దెబ్బతిన్నది చైనావారు కారు. మణిపురము, మిజోరము, నాగాభూములనుండి మన నగరములకు చదువులకును, పనులకును వచ్చిన మన దేశస్థులే ఆ యేడు వీధులలో అవమానింపబడిరి. లడఖువాసుల ముఖములును ఆ తీరుననే యుండును. ఆ రేఖను కాచువారిలో ఎందఱో లడఖువారే. ఒక సైనికుని పేరు చెప్పి ఆయన తోడి సైనికులనే వెక్కిరించుట యెట్టి దేశభక్తియో మాకు తెలియదు. తుదకు ఆ సరిహద్దున సేనలు వెనుకకు తగ్గినదియు మాటలవలననే: గల్వానులో 2020 జూలైలోను, ఇతరస్థలములలో ఒక్కొక్కటిగ 2021, 2022 సంవత్సరములలోను, కడపట మిగిలిన తావులను గూర్చి 2024 అక్టోబరులోను ఒప్పందములు కుదిరెను. నాలుగేండ్లకుపైగ పట్టినది. సంతోష్‌బాబు చూడబోయిన పనియు అదియే.

మా సూచన స్వల్పము. తెలంగాణమున బడులు జూను 12వ తేదీ ప్రాంతమున తెఱువబడును. 15వ తేదీ వచ్చునప్పటికి పిల్లల క్రొత్తపుస్తకములకు అట్టలైన వేసియుండరు. పాఠములు ఇంకను ఆరంభము కావు. ఆ యుదయము ప్రార్థనసభలో అరగంట చాలును. ఉపన్యాసములు వలదు, ముఖ్యముగ అతిథులవి. పై తరగతి విద్యార్థి యొకడు సంతోష్‌బాబు చదువు, కొలువులను పది వాక్యములలో చదువవలెను. పిమ్మట గోడకు భారతదేశపటము వ్రేలాడదీసి, ఆ రాత్రి పోయిన 20 మంది పేరులు ఒక్కొక్కటిగ చదివి, ఒక్కొక్క పేరునకు ఒక్కొక్క బాలుడో బాలికయో వచ్చి పటముమీద ఊరున్న తావును చూపవలెను. మయూర్‌భంజ్ నుండి నుదురాం సోరెన్, రామనాథపురము నుండి పళని, మాన్సా నుండి 23 ఏండ్ల గుర్తేజ్‌సింగ్, హమీర్‌పూరు నుండి 21 ఏండ్ల అంకుష్, తూర్పు సింగ్‌భూము నుండి గణేశ్ హాంస్దా, కాంకేరు నుండి గణేశ్‌రాం కుంజాం, బీర్భూము నుండి రాజేశ్ ఓరాంగ్ – ఇట్లు పటమంతయు నిండును.

ఈ పేరులు మన పిల్లల నోట సులభముగ పలుకవు. గుర్తేజ్‌ను గురుతేజ యందురు, హాంస్దాను హంస యందురు. పళనిలోని ‘ళ’ను మింగివేయుదురు. కనుక బడి తెఱచిన దినముననే చదువవలసిన విద్యార్థిని ఏర్పఱచి, రెండు మూడు సాయంకాలములు ప్రక్కన కూర్చుండబెట్టుకొని, ఇరువది పేరులును తప్పులేకుండ పలుకువఱకు చదివింపవలెను.